'హెయ్‌దర్' – ఒక నామపద విచారము

వ్యక్తినామములను విచారించునపుడు నిఘంటువు చెప్పు పదార్థము వేఱు, ఆ పేరు పెట్టుటకు గల ప్రేరణ వేఱు. ఈ భేదమును విస్మరించినచో, వ్యుత్పత్తి సరియైనదైనను నిర్ణయము తప్పగును. అజర్‌బైజానీయులలో ప్రచారముననున్న 'హెయ్‌దర్' అను పురుషనామమును ఇందుల కుదాహరణముగా గ్రహించుచున్నాము.

దీనికి మూలము సింహవాచకమగు 'హైదర్' అను అరబ్బీ శబ్దము. అరబ్బీ నైఘంటికులు దీనిని హ-ద-ర అను త్రివ్యంజన ధాతువు క్రింద చేర్చిరి. మొదటి రెండు వ్యంజనముల నడుమ యకారము ఆగమముగా వచ్చినది. సింహవాచకమే యగు 'దైగమ్' శబ్ద నిర్మాణమును ఇట్టిదే. అజర్‌బైజానీ ఉచ్చారణలో అరబ్బీ కంఠబిలధ్వని సామాన్య హకారమైనది. ఐకారము 'ఎయ్' అయినది. రెండవ అక్షరమందలి అచ్చు, మన వాడుకలో 'మేక' యను పదమున వినవచ్చు అచ్చునకు చేరువైన హ్రస్వమైనది.

అయినను, సింహమను అర్థమును కోరియే ఈ పేరు పెట్టుదురనుట చాలదు. ఆ భాషలో సింహమునకు వ్యవహారమందున్న పదములు పారసీకమగు 'షీర్', తుర్కీయమగు 'అస్లాన్'. 'హెయ్‌దర్' అక్కడ జంతువాచకముగా గాక పేరుగనే నిలిచినది. ప్రవక్త అల్లుడగు అలీకి 'హైదర్' ప్రసిద్ధ నామాంతరము. క్రీ. శ. 628లో ఖైబర్ యుద్ధమున, తల్లి తనకిడిన పేరిదియేయని ఆయన చాటినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. అర్దబీల్ సూఫీ పీఠాధిపతి షేక్ హైదర్ (మరణము 1488) ఈ నామధారియే. ఆయన అనుచరులు ధరించిన పండ్రెండు మడతల ఎఱ్ఱని శిరోవేష్టనము 'హైదరీ తాజు' అనబడినది. ఆయన కుమారుడగు ఇస్మాయిల్ 1501లో తబ్రీజున రాజ్యము స్థాపించి, ద్వాదశ ఇమాముల షియా మతమును రాజమతము గావించెను. ఈ పేరునకు ఆ సీమలో కలిగిన ఆదరమునకు అలీభక్తియే ముఖ్య హేతువని మా అభిప్రాయము. 1993 నుండి 2003 వఱకు అజర్‌బైజాన్ అధ్యక్షుడుగా నుండిన హెయ్‌దర్ అలియేవ్ వలన ఈ పేరు లోకమునకు మఱింత పరిచితమైనది.

నరసింహమని బిడ్డకు పేరిడు తెలుగువాడు మృగమును తలపడు. అహోబిలమునో సింహాచలమునో తలచును. ఇచటను న్యాయమదియే. 1591లో కుతుబ్‌షాహీలు నిర్మించిన హైదరాబాదు పేరున పూర్వపదమును ఈ శబ్దమే. దానిని 'సింహపురి' యని తెనిగించినచో అక్షరార్థము దక్కును గాని, పేరిడినవారి హృదయము దక్కదు. కావున నామపరిశోధకుడు ధాతువుకడ ఆగక, ఆ పేరు ఎవరి స్మృతిగా వచ్చినదో గూడ విచారింపవలెను.