మందు చల్లువారికి ఉడుకు ముప్పు: ముందుగా గుర్తించు విధము

ప్రత్తి, మిరప పైర్లపై మందు చల్లునపుడు రక్షణ దుస్తులు ధరించవలెనని మేము చెప్పుచున్నాము. "ఆ తొడుగులో ఉడికిపోవుచున్నాము, తీసివేసితిమి" అని రైతు సోదరులు అనుచున్నారు. వారి మాటలో నిజమున్నది. కాని తీసివేయుట విరుగుడు కాదు. చెమట పట్టిన వేడి చర్మము గుండా మందు మరింత సులభముగా ఒంటిలోనికి ఇంకును.

కుండలో నీరు చల్లబడుటకు కారణము, చెమ్మ పైకి ఊరి ఆవిరియగుటయే. ఆ కుండకు ప్లాస్టిక్ పట్టా బిగించి చుట్టినచో నీరు చల్లబడదు. మన శరీరమును అంతే. గాలి చొరని తొడుగులో చెమట కారును గాని ఆరదు. లోపలి వేడి పెరుగును.

ఈ ముప్పును ముందుగా లెక్కకట్టవచ్చును. 1957లో యాగ్లూ, మినార్డ్ అను శాస్త్రజ్ఞులు సైనిక శిక్షణ శిబిరములలో వడదెబ్బల నివారణకై ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపు వేడిమిలో పదింట ఏడు వంతులు, ఎండలోని నల్లని బోలు గోళము లోపలి వేడిమిలో రెండు వంతులు, నీడలో గాలి వేడిమిలో ఒక వంతు కలుపవలెను. ఇవి వరుసగా 27, 45, 37 సెంటీగ్రేడు డిగ్రీలైనచో మొత్తము 31.6 వచ్చును. ఆవిరిని పోనీయని తొడుగుకు మరి 11 డిగ్రీలు చేర్చవలెను, 42.6 అగును. ఎండకు అలవాటుపడినవారు సైతము ఒక మోస్తరు పనిని ఎడతెగక చేయుటకు హద్దు 28 మాత్రమే. ఉదయము లెక్క 23.6కు తగ్గినను, ఆ తొడుగుతో 34.6 అగును. కావున చల్లని వేళలోనే, అదియు విడతలుగానే చల్లవలెను.

థర్మామీటర్లు లేనివారికి నాడి కలదు. విడత ముగియగానే చేతులు కడుగుకొని, నీడన తొడుగు విప్పి, వెంటనే అర నిమిషము నాడి లెక్కించి రెట్టింపు చేయుడు. 110 దాటినచో తరువాతి విడతను మూడవ వంతు తగ్గింపుడు. 30 నిమిషములైన 20 చాలును. విశ్రాంతిని మాత్రము తగ్గింపరాదు.

ట్యాంకుకు ఇంత అని కూలి మాట్లాడుకొన్నచోట మనిషి విశ్రాంతికి ఆగడు. మందు చల్లు పనికి రోజుకూలియే మేలని గ్రామాధికారులు రైతులకు నచ్చచెప్పవలెను.

మాట తడబడినను, తూలినను పని ఆపించి, తొడుగు విప్పి, ఒంటిపై నీరు పోసి విసరుడు. స్పృహ లేనివారికి త్రాగుటకేమియు ఈయరాదు. అది మందు విషము కూడ కావచ్చును. మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్పుడు.