కంటికందని యినుము

సిద్దిపేట ప్రాంతమున బోరు వేయించిన కాపునకు నేలలోపల నేమున్నదో యొకరు చెప్పవలసిన పనిలేదు. పైన మన్ను, దానిక్రింద మొరము, అటుపై ఎంత లోతునకు దిగినను రాయియే. ఆ రాయి సుమారు 250 కోట్ల యేండ్లనాటిది, నీటికంటె 2.7 రెట్లు బరువైనది. కాని భూగోళము మొత్తముమీద నీటికంటె ఐదున్నర రెట్లు బరువని 1798లోనే కేవెండిషు అను ఆంగ్లేయుడు సీసపు గుండ్ల యాకర్షణను కొలిచి తేల్చెను. పైపొర యింత తేలికయై, మొత్తమంత బరువైనప్పుడు, నడుమ మిక్కిలి బరువైన ద్రవ్యమేదో యుండక తప్పదు గదా!

మన నైయాయికులు దీనిని అనుమాన ప్రమాణమందురు. పొగను జూచి నిప్పును గ్రహించుట వంటిది. ప్రత్యక్షమునకు ఇచట తావులేదు. భూకేంద్రము 6,371 కిలోమీటర్ల లోతున నున్నది. రష్యనులు కోలా ద్వీపకల్పమున ఏండ్లతరబడి తొలచి, 1989 నాటికి 12 కిలోమీటర్లకు కొంచెము మించి పోగలిగిరి. అంతలో వేడిమి యడ్డుపడెను.

మార్గము చూపినవి భూకంపములు. 1897 జూన్ 12న అస్సామును నేలమట్టము చేసిన భూకంపమును భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఓల్డ్‌హాము పరిశీలించి, దాని తరంగములలోని భేదములను గుర్తించెను. ఆ జ్ఞానముతోనే 1906లో భూమి నడుమ వేరొక గోళము కలదని చాటెను. మన దేశపు దుఃఖమునుండి లోకమునకు లభించిన విద్య యిది. ఆ గోళము 2,900 కిలోమీటర్ల లోతున మొదలగునని 1913లో గూటెన్‌బర్గు తేల్చెను. అడ్డముగా కదలు తరంగములు ద్రవమున సాగవు. అవి ఆ గోళమును దాటి రాకపోవుటచే అది కరిగియున్నదని తెలిసెను. దానిలోపల మరియొక గట్టిగోళము కలదని 1936లో డెన్మార్కు విదుషి ఇంగె లేమన్ కనిపెట్టెను. దక్షిణామెరికాలో నేల కంపించినచో ఆ తరంగములు భూకేంద్ర గోళమును దూరి హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యంత్రములకు తగులును.

అయితే తరంగములు బరువును, బిగువును చెప్పునే గాని పేరు చెప్పవు. ఇనుమని యెట్లు తెలిసెను? ఆకాశమునుండి రాలిన యుల్కలలో కొన్ని ఇనుము, నికెలుల ముద్దలు. సూర్యునియందును ఇనుము విస్తారము. అంత యినుము మన రాళ్లలో లేదు. బరువైనది గనుక లోనికి క్రుంగెనని తర్కము.

పాఠ్యపుస్తకము లిక్కడనే ఆగును. అది సగము మాట. అంతటి యొత్తిడిలో శుద్ధమైన యినుమునకుండవలసిన సాంద్రతకంటె ద్రవగోళపు సాంద్రత సుమారు పదవవంతు తక్కువయని 1952లో అమెరికా పండితుడు బర్చి చూపెను. ఇనుముతో తేలికయైన పదార్థమేదో కలిసియున్నదన్నమాట. కొనసముద్రపు కమ్మరులు మూసలో ఇనుముకు కర్బనము పట్టించి చేసిన యుక్కును పారసీక వర్తకులు వెదకికొని వచ్చి కొనెడివారు. కొలదిపాటి కలయిక లోహపు గుణమునే మార్చును. మన కమ్మరికి తన మూసలో నేమి వేసినదియు తెలియును. భూమి మూసలో పడినది గంధకమా, సిలికనా, ప్రాణవాయువా, కర్బనమా, ఉదజనియా? ఒకటి గాక పెక్కు కలిసినవా?

దీనికై రెండు వజ్రముల మొనల నడుమ ఇనుపరజను నుంచి నొక్కి, లేజరు కిరణములతో కాల్చుచున్నారు. జపానువారు 2010లో వాయుమండలపు టొత్తిడికి 36 లక్షల రెట్లు మించి, భూకేంద్రపు స్థితినే యందుకొనిరి. అట్లు నొక్కిన మిశ్రమములలో తరంగవేగమెంతయో కొలిచి, భూకంపములు చెప్పిన వేగముతో పోల్తురు. చిక్కేమనగా, ఒకటికంటె ఎక్కువ మిశ్రమములు సరిపోవుచున్నవి. గంధక మొక్కటియే యీ లోటు పూరింపజాలదని పలువురి మతము. ఆపై ఏకాభిప్రాయము లేదు.

దీనితో మనకేమి పనియని చదువరు లడుగవచ్చును. లోగోళము చల్లారి గట్టిపడునప్పుడు ఆ తేలిక పదార్థము చాలవరకు ద్రవమున మిగిలి పైకి లేచును. ఆ కదలికవలననే కరిగిన యినుము సుడులు తిరిగి, దిక్సూచిని నడపు నయస్కాంతశక్తి పుట్టుచున్నది. సూర్యునినుండి దూసికొనివచ్చు కణములను మనపై బడకుండ మరలించుచున్నదియు నదియే. ఆ పదార్థము పేరు నేటికిని తేలలేదు.