పత్తిలో గూడ, పిందె రాలుతుంటే... ఏది నిజం, ఏది అపోహ?

అపోహ: గూడ రాలిందంటే పురుగు పడినట్టే, వెంటనే మందు కొట్టాలి.

వాస్తవం: సాళ్లలో రాలిన గూడలు గుప్పెడు ఏరి, ఒక్కొక్కటి విప్పి చూడండి. రంధ్రం, లోపల పురుగు విసర్జన కనబడితే అది కాయతొలుచు పురుగు పని. రంధ్రం గానీ, రసం పీల్చిన గాటు గానీ, మచ్చ గానీ లేకుండా తొడిమ దగ్గర నున్నగా ఊడి వస్తే, మొక్క తనంతట తానే వదిలేసిందని అర్థం. పత్తి మొక్క వేసిన గూడ, పూత, పిందెల్లో సగానికి పైగా మామూలుగానే రాలిపోతాయి. వరసగా నాలుగు రోజులు మబ్బు పట్టినా, నేలలో పదును తగ్గినా, నీళ్లు నిలిచినా రాలుడు ఇంకా పెరుగుతుంది. ఆకులు తయారుచేసే ఆహారం అన్నిటికీ చాలదు, అంతే. దీనికి పురుగుమందు కొడితే డబ్బు దండగ, పైగా మిత్రపురుగులు చస్తాయి.

లేత పసుపు పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు తిరగడమూ తెగులు కాదు. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డిపూలు కనిపిస్తే మాత్రం గులాబీ రంగు పురుగు వచ్చిందన్నమాటే. వాటిని ఏరి నాశనం చేయాలి.

అపోహ: ప్లానోఫిక్స్ అనే హార్మోను మందు కొడితే రాలుడు ఆగిపోతుంది.

వాస్తవం: నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడనప్పుడు ఏ హార్మోనూ పని చేయదు. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాలి. తర్వాత లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 ఎరువు కలిపి చల్లితే చేను తేరుకుంటుంది. ప్లానోఫిక్స్ వాడదలిస్తే 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరే. మోతాదు పెంచితే మేలు జరగదు, కీడే.

అపోహ: చేను ఎంత ఏపుగా పెరిగితే అంత దిగుబడి.

వాస్తవం: ఏపుగా పెరిగిన చేను చూడటానికే బాగుంటుంది. నత్రజని ఎక్కువైతే కొమ్మలు, ఆకులు కమ్ముకుని కింది కాయలకు ఎండ తగలదు, పచ్చదోమ పెరుగుతుంది. పెరుగుదలను తగ్గించే మెపిక్వాట్ క్లోరైడ్ అలాంటి చేలకే పనికొస్తుంది. బెట్టకు వాడిన చేలో కొడితే అసలే ఆగిన మొక్క ఇంకా గిడసబారుతుంది. నత్రజనిని విత్తిన 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలుగా వేయడమే సిఫార్సు. పక్క చేను పచ్చగా ఉందని ఆ తర్వాత మరో యూరియా బస్తా మోయకండి.