పాత స్కూటరు మొరాయించినచో ఏమి చేయవలెను?

సంతలో ఎడ్లను కొనబోవు రైతు పళ్లు చూచును, గిట్టలు తడవి చూచును, కాడి కట్టించి నాలుగడుగులు నడిపించును. అంత జాగ్రత్త గల రైతే పాత మోటారు స్కూటరు కొనునపుడు మాత్రము పైరంగు చూచి, ఒకసారి వీధి చివరివరకు తోలి, సొమ్ము చెల్లించి వచ్చుచున్నాడు. మూడవనాటి ఉదయమున బండి కదలదు. కిక్కు కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టును. ఇంజను పోయినదని ఒకరు, మోసపోయితిరని మరియొకరు చెప్పుదురు. తీరా విప్పి చూచినచో మసి పట్టిన ప్లగ్గు తప్ప వేరు దోషము కనబడకపోవుటయు కలదు.

మండల పరిషత్తు కార్యాలయమునకు, శివారు పల్లెలలోని నీటి ట్యాంకులకు, పాఠశాలలకు తిరుగవలసిన పంచాయతి సభ్యునకు బండి నిలిచిన యెడల పని నిలుచును. బండి లేవనపుడు ఊహపై ఒక్కొక్క భాగమును మార్చుచు పోవుట డబ్బు దండుగ. ఒక వరుస ననుసరించి పరీక్షించినచో దోషము తనంతట బయటపడును. ఆ వరుసను ఇచట వివరించుచున్నాము.

మొదట ఆగుట, పిమ్మట సాగుట

కదలని బండి వలన కలుగునది చికాకు మాత్రమే. ఆగని బండి వలన ప్రాణాపాయము. కావున ఇంజను సంగతికి పూర్వమే బ్రేకులను చూడవలెను. బ్రేకు పట్టినపుడు లివరు హ్యాండిలుకు తగులువరకు వచ్చుచున్నచో కేబులు సడలినదనియో, లోపలి బ్రేకు షూలు అరిగినవనియో గ్రహింపవలెను. చక్రము వద్దనున్న నట్టును కొలదిగా బిగించి, చక్రమును చేతితో త్రిప్పి చూడవలెను. బ్రేకు వదలినపుడు చక్రము స్వేచ్ఛగా తిరుగవలెను. పట్టినపుడు గట్టిగా నిలువవలెను. బిగించినను ఫలితము లేనిచో షూలను మార్పించిన పిదపనే బండిని రోడ్డెక్కింపవలెను.

టైరు గాళ్లు అరుగకున్నను రబ్బరు ముదిరి పగుళ్లు బారియుండవచ్చును. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెల వలన దాని వయస్సు తెలియును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ప్రక్క గోడలపై పగుళ్లు కనిపించిన టైరును నమ్మరాదు.

ఇంజనుకు కావలసినవి మూడు

పెట్రోలు ఇంజను నడచుటకు మూడు కావలెను: గాలితో తగుపాళ్లలో కలసిన పెట్రోలు, సమయమునకు పుట్టు నిప్పురవ్వ, ఆ మిశ్రమమును గట్టిగా అదుము పిస్టను. బండి లేవనపుడు ఈ మూడింటిలో ఏది కొరవడినదో తెలిసికొనుటయే పరీక్ష.

పెట్రోలు: అమ్మకమునకు ముందు నెలల తరబడి మూలనుండుట పాత బండ్ల విషయమున సాధారణము. అట్లున్నపుడు పెట్రోలులోని తేలిక భాగము ఆవిరైపోయి, మిగిలినది జిగురై కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. పైగా నేడు మన దేశమున అమ్ముచున్న పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలుకు తేమను పీల్చు గుణము కలదు. నిలువయున్న ట్యాంకులో నీరు అడుగున చేరి బండిని లేవనీయదు. కావున పాత పెట్రోలును ఒక డబ్బాలోనికి తీసివేసి, క్రొత్తది పోసి చూడవలెను. ఈ పని ఆరుబయట, పొయ్యికి, బీడీ నిప్పుకు దూరముగా చేయవలెను.

బండి కొంత దూరము నడచి ఆగిపోయి, ట్యాంకు మూత తీసి మరల వేసినపుడు నడచుచున్నచో మూతలోని గాలి రంధ్రము పూడినదన్నమాట. దానిని శుభ్రపరచిన చాలును. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినచో ఇంజను ఊపిరాడక నల్లని పొగ వదలును. మట్టి బాటలలో తిరుగు బండికి దీనిని తరచుగా చూచుకొనుట అవసరము.

నిప్పురవ్వ: ప్లగ్గును విప్పి దాని కొనను చూచినచో ఇంజను ఆరోగ్యము కొంత తెలియును. లేత గోధుమరంగు మంచిది. పొడి నల్లమసి యున్నచో పెట్రోలు ఎక్కువగానో, గాలి తక్కువగానో అందుచున్నది. జిడ్డుగా నున్నచో లోపల ఆయిలు కాలుచున్నది. సున్నము వలె తెల్లగా నున్నచో ఇంజను మితిమించి వేడెక్కుచున్నది. పిమ్మట ప్లగ్గును దాని టోపీలో అమర్చి, లోహభాగము ఇంజనుకు గట్టిగా ఆనునట్లు ఉంచి, కిక్కు కొట్టవలెను. నీలిరంగు రవ్వ కనబడవలెను. ఈ పరీక్షకు ముందు చుట్టుప్రక్కల పెట్రోలు తడి లేకుండ తుడువవలెను. లోహభాగమును చేతితో తాకరాదు. రవ్వ రానిచో క్రొత్త ప్లగ్గు పెట్టి చూచి, అప్పటికిని రానిచో మెకానిక్కునకు చూపవలెను.

సెల్ఫు నొక్కినపుడు టిక్కుమను చప్పుడు తప్ప మరేమియు లేనిచో బ్యాటరీ నీరసించినదనుట సాధారణము. తీగెలు కలియుచోట తెల్లని పొడి పేరుకొన్నచో శుభ్రము చేయవలెను. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 నిబంధనల పిమ్మట వచ్చిన స్కూటర్లలో పెక్కింటికి కార్బురేటరు లేదు. విద్యుత్తుతో పనిచేయు ఇంజెక్షను పద్ధతి యున్నది. అట్టి బండికి బ్యాటరీ పూర్తిగా చచ్చినచో కిక్కు కొట్టినను లేవకపోవచ్చును.

ఒత్తిడి: కిక్కు కొట్టునపుడు కాలికి ఎదురు తగులవలెను. అడ్డు లేక జారిపోవుచున్నచో పిస్టను రింగులు అరుగుటయో, వాల్వులు సరిగా మూసికొనకపోవుటయో కారణము కావచ్చును. ఖర్చుతో కూడిన మరమ్మతు ఇదియే. మొదటి రెండును సరిగానున్నవని తేలిన పిమ్మటనే దీనికి పూనుకొనవలెను.

పొగయు, చప్పుడును

నాలుగు స్ట్రోకుల ఇంజను నీలిపొగ వదలినచో ఆయిలు కాలుచున్నదని అర్థము. చలి ఉదయమున కొలదిసేపు కనిపించు తెల్లని ఆవిరికి భయపడనక్కరలేదు. పాత చేతక్ వంటి రెండు స్ట్రోకుల బండ్లలో ఆయిలును పెట్రోలులోనే కలుపుదురు గనుక కొంత పొగ సహజము. అట్టి బండికి లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలుపవలెను. కలుపక నడిపినచో పిస్టను పట్టివేయును. గేర్లు లేని స్కూటరులో ఇంజను శబ్దము పెరిగినను వేగము పెరుగనిచో, లోపలి బెల్టునో, క్లచ్చునో పరీక్షింపవలెను. ఏ పరీక్షయైనను మూసిన గదిలో ఇంజను నడుపుచు చేయరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము.

కాగితములు సరిగా లేని బండి

యంత్రదోషములను మెకానిక్కు బాగుచేయగలడు. కాగితముల దోషము కుటుంబములను చిక్కులలో పడవేయును. తెల్లకాగితముపై సంతకము చేసి బండి అమ్మినంతమాత్రమున బాధ్యత తొలగదు. రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నదో వారే చట్టము దృష్టిలో యజమాని యనియు, ప్రమాదము జరిగినపుడు నష్టపరిహార బాధ్యత వారిదే యనియు సుప్రీంకోర్టు 2018లో స్పష్టపరచినది. బండి చేతులు మారి ఎన్ని ఊళ్లు తిరిగినను అంతే. ఇట్టి తగవులు తరచుగా మొదట పంచాయతి పెద్దల యెదుటికే వచ్చును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మినవారు 14 దినములలోపల, కొన్నవారు 30 దినములలోపల రవాణా అధికారికి తెలుపవలెను. ఇందుకు 29, 30 నంబర్ల ఫారములు కలవు. బీమాను తన పేర మార్చుటకు కొన్నవారు 14 దినములలో బీమా కంపెనీని కోరవలెను. బండిపై అప్పు ఉన్నచో అది తీరినట్లు అప్పిచ్చినవారి పత్రము తీసికొనవలెను. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను కార్డులోని వానితో అంకె అంకెకు సరిపోవలెను. సరిపోని బండిని ఎంత చౌకయైనను కొనరాదు. 2014లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు వేరు రాష్ట్రములైనవి. ఒక రాష్ట్రపు బండిని 12 మాసములకు మించి రెండవ రాష్ట్రమున ఉంచుకొనదలచినచో, నిరభ్యంతర పత్రము తెచ్చి అచటి రిజిస్ట్రేషను పొందవలెను.

పంచాయతి సభ్యులకు మనవి

బండి కొన్ననాడే ఒక చిన్న పుస్తకము పెట్టి, ఆయిలు, ప్లగ్గు, టైరు, బ్రేకు మార్చిన తేదీలను, కిలోమీటర్లను వ్రాసికొనుడు. మరల దోషము కలిగినపుడు మెకానిక్కునకు ఆ పుస్తకమే దారి చూపును. గ్రామములో ఎవరైనను పాత బండి కొనుచున్నట్లు తెలిసినచో, బేరము కుదరక ముందే రెండు ప్రశ్నలు అడుగుడు: బ్రేకు పట్టి చూచితిరా? రిజిస్ట్రేషను ఎవరి పేర నున్నది? ఈ రెండింటికి సరియైన సమాధానము దొరికిన పిమ్మటనే సొమ్ము చేతులు మారవలెను.