తాళం పట్టే చిన్ని చేతులు

మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఏ పుస్తకమూ చదవకుండానే పసిపిల్లలకు కావలసిన వ్యాయామమంతా ఆటపాటల్లో కలిపి పెట్టారు. ఈ దేశంలో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్న కొద్దీ నాకు ఆ సంగతి మరింత బాగా తెలిసివస్తోంది.

అమెరికాలో మన పసివాళ్ళ రోజు చూడండి. కార్ సీటు, స్ట్రోలర్, హైచైర్ - అన్నిటికీ బెల్టులే. అదీ కాకపోతే చేతిలో ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు. ఏడాది నిండిన దగ్గరనుంచి నాలుగేళ్ళ దాకా రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక కావాలి.

కదలికకు పాట మంచి తోడు. పుట్టిన రెండు మూడు రోజులకే, నిద్రలో కూడా, పసికందు మెదడు తాళం తప్పితే పసిగడుతుందని 2009లో ఒక పరిశోధన చూపింది. ఏడు నెలల పిల్లలు తమను ఏ లయకు ఎగరేసి ఆడించారో ఆ లయనే తరువాత ఇష్టంగా విన్నారని 2005లో కెనడా పరిశోధకులు గమనించారు. అంటే పిల్లలు లయను చెవితోనే కాదు, ఒంటితో కూడా వింటారన్నమాట!

మెలకువగా ఉన్న బిడ్డను బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా మీరు కూర్చుని గిలక ఆడిస్తూ పాడండి. తల ఎత్తి చూసే కొద్దీ మెడ, భుజాలు గట్టిపడతాయి. ఏడాది దాటాక గరిటె, స్టీలు గిన్నె ఇవ్వండి. చప్పుడు మాత్రం మీరు భరించాలి! నడక వచ్చాక పాటకు నడవడం, పాట ఆపగానే ఆగడం ఆడించండి. టక్కున ఆగాలంటే ఒంటిని అదుపులో పెట్టుకోవాలి. చెమ్మచెక్కలో కుడిచెయ్యి ఎడమవైపు దాటుతుంది. గుండీలు పెట్టుకోవడానికీ, కత్తెర పట్టడానికీ ఇలా రెండు చేతులూ కలిసి పనిచెయ్యాలి. అయిదారేళ్ళకు ఆదితాళం నేర్పవచ్చు: ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, చెయ్యి తిప్పడం. వేళ్ళకు ఇంతకన్నా మంచి కసరత్తు ఏముంటుంది? రెండేళ్ళవాడు తాళం తప్పాడని మాత్రం దిద్దకండి. ఆ వయసులో కదలడమే ముఖ్యం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పాట మందు కాదు. "మా ఇంట్లో అందరం ఆలస్యంగానే నడిచాం" అని ఊరుకోకండి. 18 నెలలకు ఆసరా లేకుండా నడవకపోయినా, ఏడాదిలోపే ఒక చేతినే వాడుతున్నా, వచ్చిన పని మరచిపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. ఇక్కడ మూడేళ్ళలోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంది. తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయవచ్చు. పరీక్షకు ఖర్చు లేదు. ఫోన్ చేస్తే పరువేమీ పోదు. చేయకపోతే పోయేది బిడ్డ కాలం.

గొంతు బాగాలేదని సంకోచించకండి. మీ బిడ్డకు మీ గొంతుకన్నా తీయనిది లేదు.