ఏసీ సర్వీస్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళు ప్రొఫెషనల్ ఇన్వాయిస్ ఎలా రాయాలి? పూర్తి వివరాలు తెలుగులో

ఈ ఎపిసోడ్ సొంతంగా పని చేసుకునేవాళ్ళ కోసం. ఏసీ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్‌లు, ప్లంబర్‌లు, ఆర్వో ఫిల్టర్లు మార్చేవాళ్ళు, ఇంటింటికీ వెళ్ళి క్లీనింగ్ చేసేవాళ్ళు. మీ ఇంట్లో అన్నయ్యో బాబాయో ఈ పనిలో ఉంటే ఇది వాళ్ళకి ఫార్వర్డ్ చేయండి. ఫోన్‌లో టైప్ చేయడం మీకు బాగా వచ్చు, పని వాళ్ళకి బాగా వచ్చు. ఇద్దరూ కలిస్తే బిల్లు రెడీ.

టాపిక్ ఇన్వాయిస్. అంటే బిల్లే. కానీ చిన్న కాగితం మీద "ఏసీ పని – 2,250" అని రాసిచ్చే బిల్లు గురించి కాదు నేను చెప్పేది.

బిల్లు ఎందుకింత ముఖ్యం?

హైదరాబాద్‌లో ఏసీ పని చేసేవాళ్ళని ఎవరినైనా అడగండి, ఈ డైలాగ్ వాళ్ళకి కంఠస్థం. "ఏం బాబూ, పోయినేడు గ్యాస్ అన్నావ్, ఈ ఏడు కూడా గ్యాసేనా?" కస్టమర్‌కి అనుమానం వచ్చింది. మెకానిక్‌కేమో పోయినేడు ఆ ఇంట్లో ఏం చేశాడో గుర్తులేదు. ఎండాకాలంలో రోజుకి ఐదారు ఇళ్ళు తిరిగినవాడికి ఎలా గుర్తుంటుంది? ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కాగితం లేదు, అంతే. ఆ కస్టమర్ ఈసారికి డబ్బులు ఇస్తాడు, పై ఏడాది మాత్రం ఇంకొకరిని పిలుస్తాడు.

నేను ఐటీలో పనిచేసినప్పుడు ఒక రూల్ ఉండేది. కోడ్‌లో ఏం మార్చినా, ఏం మార్చామో, ఎందుకు మార్చామో ఒక లైన్ రాయాలి. కొందరు "ఫిక్స్ చేశాను" అని రాసి వదిలేసేవాళ్ళు. ఆరు నెలల తర్వాత అదే బగ్ వస్తే ఆ లైన్ ఎవరికీ పనికొచ్చేది కాదు. "ఏసీ పని – 2,250" కూడా సరిగ్గా అలాంటిదే.

ఇంకో విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చేసిన పనికి బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటి. కాబట్టి బిల్లు మనం చేసే ఫేవర్ కాదు, ఇవ్వాల్సిందే.

ఎస్టిమేట్, ఇన్వాయిస్, రసీదు: మూడూ ఒకటి కాదు

చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. పనికి ముందు ఇచ్చేది ఎస్టిమేట్: "ఇంత అవ్వొచ్చు" అని. పని అయ్యాక ఇచ్చేది ఇన్వాయిస్: "ఇది చేశాను, ఇంత ఇవ్వాలి" అని. డబ్బులు వచ్చాక ఇచ్చేది రసీదు: "ముట్టింది" అని. ఇంటి పనిలో గొడవలు ఎక్కువగా మొదటిదాని దగ్గరే పుడతాయి. ఏసీ విప్పాక కెపాసిటర్ పోయిందని తెలిస్తే, మార్చేముందే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్: "సార్, కెపాసిటర్ పోయింది, 650 అవుతుంది, మార్చమంటారా?" ఆయన "ఓకే" అంటే అదే మీ ఎస్టిమేట్, అదే మీ ఆధారం. తర్వాత బిల్లు చూసి ఎవరూ ఉలిక్కిపడరు.

ఇన్వాయిస్‌లో ఏమేం ఉండాలి?

ముందుగా పైన మీ పేరు లేదా షాపు పేరు, అడ్రస్, ఫోన్ నంబర్. లోగో లేకపోయినా పర్లేదు. ఫోన్ నంబర్ మాత్రం పెద్దగా ఉండాలి. వచ్చే వేసవిలో ఆ కాగితం చూసే మీకు ఫోన్ చేస్తారు.

తర్వాత బిల్లు నంబర్, తేదీ. నంబర్ వరుసగా ఉండాలి. 25-26/001, 25-26/002, ఇలా. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కాబట్టి ఆ రోజు నుంచి కొత్త సిరీస్ పెట్టుకోవచ్చు. ఒకే నంబర్ రెండు బిల్లులకి వాడొద్దు. ఏదైనా బిల్లు క్యాన్సిల్ అయితే తీసేయకండి, "క్యాన్సిల్డ్" అని రాసి అలాగే ఉంచండి. మధ్యలో నంబర్ మాయమైతే రేపు మీ లెక్క మీకే అర్థం కాదు.

తర్వాత కస్టమర్ పేరు, ఫ్లాట్ నంబర్, అపార్ట్‌మెంట్, ఫోన్. అద్దెకున్నవాళ్ళు పిలిచి, డబ్బులు ఓనర్ ఇస్తానంటే, బిల్లు ఎవరి పేరు మీద రాయాలో ముందే అడగండి. పని అయ్యాక ఇద్దరి మధ్య మీరు తిరగక్కర్లేదు.

ఇక అసలు విషయం, పని వివరం. ఇది బాగుంటే మిగతాదంతా దానంతటదే కుదురుతుంది. ఉదాహరణ చూద్దాం.

1. జెట్ పంప్ సర్వీస్, స్ప్లిట్ ఏసీ – 2 యూనిట్లు, ఒక్కోటి 600 – మొత్తం 1,200
2. కొత్త కెపాసిటర్, బెడ్‌రూమ్ ఏసీ ఔట్‌డోర్ యూనిట్ – 1 – 650
3. డ్రెయిన్ పైపు – 3 మీటర్లు, మీటరు 50 – మొత్తం 150
4. కెపాసిటర్, పైపు మార్చిన లేబర్ – 250

మొత్తం: 2,250 రూపాయలు. విజిట్‌కి ముందుగా ఇచ్చినది: 300. ఇంకా ఇవ్వాల్సింది: 1,950.

ఈ రేట్లు ఉదాహరణకే, మీ ఏరియాలో మీ రేట్లు మీవి. గమనించాల్సింది ఏంటంటే సామాను వేరు, లేబర్ వేరు. ఏ గదిలో ఏసీనో రాసి ఉంది. ఎన్ని, ఒక్కోటి ఎంత, మొత్తం ఎంత, అన్నీ ఉన్నాయి. కెపాసిటర్‌ని, లేబర్‌ని కలిపి 900 అని వేస్తే కస్టమర్ ఆన్‌లైన్‌లో కెపాసిటర్ రేటు చూసి "ఇంత ఎక్కువా?" అంటాడు. విడిగా రాస్తే ఆ ప్రశ్నే రాదు. పాత పార్ట్ తీసి కస్టమర్ చేతికివ్వండి, బిల్లులో "పాత పార్ట్ ఇచ్చాను" అని రాయండి. ఈ చిన్న మాటకి వచ్చే నమ్మకం చాలా పెద్దది.

గ్యాస్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. లోపల తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. కాబట్టి "గ్యాస్ ఫిల్లింగ్" అని ఒక్క ముక్క రాస్తే చదువుకున్న కస్టమర్‌కి వెంటనే డౌట్ వస్తుంది. లీక్ ఎక్కడ దొరికింది, దాన్ని ఎలా మూశారు, వాక్యూమ్ చేశారా, ఏ గ్యాస్, ఆర్-32నా, ఆర్-410ఏనా, ఆర్-22నా, ఎన్ని గ్రాములు ఎక్కించారు, ఇవి రాయండి. నాలుగు లైన్లే. పై ఏడాది "మళ్ళీ గ్యాసేనా?" అని అడిగితే పాత బిల్లు తీసి, "అమ్మా, అప్పుడు లీక్ ఇండోర్ కాయిల్‌లో, ఇప్పుడు బయట వాల్వ్ దగ్గర" అని చూపించొచ్చు.

చివర్లో వారంటీ, చెల్లింపు. వారంటీ దేనికో స్పష్టంగా రాయండి. "కెపాసిటర్‌కి 90 రోజులు. సర్వీస్‌కి 15 రోజుల్లో నీళ్ళు కారితే ఉచితంగా వచ్చి చూస్తాను. వోల్టేజ్ వల్ల పోతే వర్తించదు." ఏమీ రాయకపోతే కస్టమర్ మనసులో వారంటీ ఏసీ మొత్తానికి, ఎప్పటికీ ఉంటుంది. చెల్లింపుకి యూపీఐ ఐడీ, క్యూఆర్ కోడ్, గడువు తేదీ. "వీలైనప్పుడు" అని రాయొద్దు, "జూన్ 12 లోపు" అని రాయండి. చాలా బిల్లింగ్ యాప్‌లలో అమౌంట్ ముందే నిండి ఉండే క్యూఆర్ వస్తుంది. స్కాన్ చేస్తే 1,950 అని అదే వస్తుంది, ఇంక బేరం ఉండదు.

జీఎస్టీ వేయాలా, వద్దా?

కామెంట్స్‌లో ఎక్కువమంది అడిగేది ఇదే. తెలంగాణలో, ఆంధ్రాలో సర్వీస్ చేసేవాళ్ళకి ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. టర్నోవర్ అంటే మీకు మిగిలింది కాదు, బిల్లులు వేసిన మొత్తం. సామాను డబ్బులు కూడా అందులోనే. నెలకి లెక్కేస్తే సుమారు 1,66,000. ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకుని సీజన్‌లో గట్టిగా పని చేసేవాళ్ళు దీని దగ్గరికి వచ్చేస్తారు, అందుకే ప్రతి నెలా టోటల్ చూసుకోండి.

రిజిస్ట్రేషన్ లేకపోతే బిల్లు మీద జీఎస్టీ అనే లైనే ఉండకూడదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు పన్ను వసూలు చేయడం చట్టం ఒప్పుకోదు. ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేట్‌లో 18 శాతం లైన్ ఉందని అలాగే వదిలేయొద్దు. పైన "ట్యాక్స్ ఇన్వాయిస్" అని కూడా పెట్టొద్దు, "ఇన్వాయిస్" లేదా "బిల్" చాలు.

రిజిస్ట్రేషన్ ఉంటే "ట్యాక్స్ ఇన్వాయిస్" అని పెట్టి, 15 అక్షరాల జీఎస్టీ నంబర్ వేయాలి. తెలంగాణ అయితే 36తో, ఆంధ్రా అయితే 37తో మొదలవుతుంది. బిల్లు నంబర్ 16 అక్షరాలు దాటకూడదు. రిపేర్, మెయింటెనెన్స్, ఇన్‌స్టలేషన్ సర్వీసుల కోడ్ 9987, రేటు 18 శాతం. అదే రాష్ట్రంలో కస్టమర్ అయితే 9 సీజీఎస్టీ, 9 ఎస్‌జీఎస్టీ. మన ఉదాహరణలో 2,250 మీద 202.50 చొప్పున రెండు లైన్లు, మొత్తం 2,655. పని పూర్తయిన 30 రోజుల్లోపు ఈ బిల్లు ఇవ్వాలి. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు పన్ను విడిగా వసూలు చేయకూడదు, వాళ్ళిచ్చేదాన్ని "బిల్ ఆఫ్ సప్లై" అంటారు.

ఆఫీసులు, అపార్ట్‌మెంట్‌లు అయితే

ఇంట్లో పని చేస్తే డబ్బులు ఆ రోజే వస్తాయి. ఆఫీసు, హాస్టల్, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అయితే నెలలు లాగుతారు. ఇక్కడ రెండు విషయాలు తెలిసి ఉండాలి.

ఒకటి, టీడీఎస్. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాదిలో మొత్తం లక్ష దాటినా, కంపెనీలాంటి సంస్థలు మీకు ఇచ్చేముందు టీడీఎస్ కట్ చేయాలి. మీరు వ్యక్తిగా చేస్తుంటే 1 శాతం. 40,000 బిల్లుకి 39,600 వస్తే "నాలుగు వందలు తినేశారు" అని గొడవ పడొద్దు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. అందుకే ఇలాంటి బిల్లుల మీద పాన్ నంబర్ వేయండి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కట్ అవుతుంది.

రెండు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చేది, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఫ్రీగా అవుతుంది. డబ్బులు అడిగే వెబ్‌సైట్ ఏదైనా అది అసలుది కాదు. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకి మించి, ఒప్పందం లేకపోతే 15 రోజులకి మించి మీ డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఉద్యమ్ నంబర్ బిల్లు మీద ఉంటే, అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఈ రూల్ తెలుసు కాబట్టి, మీ బిల్లుని కింద పడేయరు. పని మొదలుపెట్టకముందే తీసుకుని పెట్టుకోండి.

పంపడం, గుర్తుచేయడం

బిల్లుని పీడీఎఫ్‌గానే పంపండి. ఎడిట్ చేయగలిగే ఫైల్ పంపితే అంకె ఎవరైనా మార్చొచ్చు. ఫైల్ పేరులో బిల్లు నంబర్, ఫ్లాట్ నంబర్ ఉంటే తర్వాత వెతుక్కోవడం ఈజీ. ఆ ఇంటి గేటు దాటకముందే పంపండి. రాత్రికి పంపుదాం అనుకుంటే పది ఇళ్ళ లెక్కలు కలిసిపోతాయి.

మెసేజ్ ఇలా: "నమస్తే సార్, ఈరోజు మీ ఇంట్లో చేసిన ఏసీ పని బిల్లు పంపిస్తున్నాను. మొత్తం 2,250. మీరిచ్చిన 300 పోను 1,950. కెపాసిటర్‌కి 90 రోజుల వారంటీ ఉంది. ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చేయండి."

గడువు దాటితే: "నమస్తే సార్, 25-26/014 బిల్లు 1,950 గడువు నిన్నటితో అయిపోయింది. ఈరోజు వీలు చూసి పంపగలరు. బిల్లు మళ్ళీ జత చేస్తున్నాను." అంతే. సంజాయిషీ లేదు, బతిమాలడం లేదు. "సార్ ఇల్లు గడవట్లేదు సార్" అని రాయాల్సిన పని లేదు, మీరు అప్పు అడగట్లేదు కదా. చేసిన పనికి డబ్బు అడుగుతున్నారు. నంబర్, తేదీ, అంకె ఉన్న మెసేజ్‌కి వచ్చే మర్యాదే వేరు.

మొండి బాకీ అయితే, చేసిన పని డబ్బుల కోసం కోర్టుకి వెళ్ళడానికి మామూలుగా పని చేసినప్పటి నుంచి మూడేళ్ళు టైమ్ ఉంటుంది. అంతదాకా పోవాలని నేను చెప్పను. కానీ పోవాల్సి వస్తే చేతిలో ఉండేది ఈ బిల్లు, ఆ వాట్సాప్ "ఓకే"నే.

ఈరోజు ఒక్క పని చేయండి

గూగుల్ షీట్స్‌లో ఒక ఫైల్ ఓపెన్ చేసి ఆరు కాలమ్‌లు పెట్టండి: బిల్లు నంబర్, తేదీ, కస్టమర్, మొత్తం, వచ్చింది, ఇంకా రావాల్సింది. ఇప్పటివరకు రావాల్సినవి గుర్తున్నంతవరకు రాయండి. చివరి కాలమ్ టోటల్ చూస్తే చాలామందికి షాక్ తగులుతుంది, ఎందుకంటే అది అందరి ఇళ్ళల్లో ఉన్న మీ డబ్బు. దాన్ని తగ్గించడానికే ఇందాకటి నుంచి చెప్పినదంతా.

మీ పని ఏంటో, మీ బిల్లులో ఏ లైన్ దగ్గర కస్టమర్‌తో గొడవ వస్తుందో కామెంట్‌లో రాయండి. పెయింటింగ్ వాళ్ళకి అడుగుల కొలతలతో, వడ్రంగులకి అడ్వాన్స్‌లతో వచ్చే చిక్కులు వేరు, వాటి మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, బాయ్.