మామూ పోలికేనా?

పిల్లవాడు మాట వినకపోయినా, బడిలో ఎవరినైనా కొట్టి వచ్చినా మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట ‘వీడికి మామూ పోలిక వచ్చింది’ అని. వెంటనే నాలుగు దెబ్బలు పడతాయి. పోలిక రక్తంలోనే ఉంటే దెబ్బలతో ఎలా పోతుందని మాత్రం మనం ఆలోచించం.

రక్తం మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. మెదడులో సందేశాలు మోసే సెరొటోనిన్, డోపమైన్ వంటి రసాయనాలు పని ముగిశాక విచ్ఛిన్నం కావాలి. అందుకు తోడ్పడే ఒక ఎంజైమును తయారుచేయించే జన్యువు పేరు ఎం.ఏ.ఓ.ఏ. కొందరిలో ఇది చురుగ్గా, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నందువల్ల మగపిల్లలకు తల్లి నుంచే వస్తుంది. (అత్తగార్లు ఈ మాట పట్టుకుని కోడలిని దెప్పే ముందు కింది సంగతి కూడా చదవాలి.)

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1037 మంది పిల్లలను పరిశోధకులు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వారిలో 442 మంది మగవాళ్ల జన్యువులను, మూడో ఏట నుంచి పదకొండో ఏట వరకు వారు పెరిగిన తీరును పక్కపక్కన పెట్టి చూశారు. అవ్షలోమ్ కాస్పీ, టెర్రీ మోఫిట్ తదితరులు ఆ ఫలితాలను 2002లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు.

మూడింట ఒక వంతుకు పైగా మగవారిలో మందకొడి జన్యువే ఉంది. వారిలో ఆదరణతో పెరిగినవారు ఇతరులకంటే దుడుకుగా తయారు కాలేదు. చిన్ననాట తల్లి నిరాదరణ, తీవ్రమైన దెబ్బలు, మాటిమాటికీ పెంచే చేతులు మారడం వంటివి అనుభవించినవారి సంగతి వేరు. ఆ జన్యువూ ఈ కష్టాలూ రెండూ కలిసినవారు 12 శాతమే. కానీ ఆ బృందంలో హింసాత్మక నేరాలకు పడిన శిక్షల్లో 44 శాతం వారివే! అవే కష్టాలు పడినా చురుకైన జన్యువు ఉన్నవారు అంతగా చెడిపోలేదు.

పోలిక ఉందనుకున్న పిల్లవాడికే మన ఇళ్లలో ఎక్కువ దెబ్బలు పడతాయి. ఆ అనుమానం నిజమే అయితే, దెబ్బలు ఎవరికి ఎక్కువ కీడు చేస్తాయో వాడినే మనం ఏరి కొడుతున్నామన్నమాట.

తర్వాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయితే 2014లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మగవారి విషయంలో ఈ సంబంధం నిలిచింది. ఒక్క జన్యువుతో నడవడి తేలిపోదు. ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు అందులో కలిసి ఉంటాయి. రక్తపరీక్షతో పిల్లవాడి భవిష్యత్తు చెబుతామనేవారి మాట నమ్మనక్కర్లేదు.

తోటి పిల్లలను గాయపరచడం, దొంగతనం, బడి ఎగ్గొట్టడం నెలల తరబడి తగ్గకపోతే మాత్రం మానసిక వైద్యుడికి చూపించాలి. ‘పిచ్చి’ అన్న ముద్ర పడుతుందని, రేపు సంబంధాలు రావని మనవాళ్లు వెనకాడతారు. అలాంటివారు ముందు ఫోన్‌లోనైనా అడగవచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోన్ చేసి, ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.